రెండు పీఠికలు

ముద్దుపళని పేరు ఇప్పుడు మనలో ఎవరికీ కొత్త కాదు. 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ మొదటి సంపుటం వచ్చినప్పుడు దాని ఉపోద్ఘాతం మొదలైందే ‘రాధికా సాంత్వనం’ కథతో. ఆ తర్వాత తెలుగు స్త్రీల సాహిత్యం మీద వచ్చిన వ్యాసాల్లో, సెమినార్ పత్రాల్లో ఆ కావ్యం, దాని నిషేధం ప్రస్తావన తరచుగానే వస్తోంది. అంతగా చెప్పుకున్నాక మళ్ళీ ఎందుకని ఎవరైనా అడగొచ్చు. నాకు మాత్రం ఆ చర్చల్లో ఒక లోటు కనిపిస్తూ వచ్చింది. రాధ కోరిక గురించి మాట్లాడాం, అశ్లీలత గురించి, బ్రిటిష్ ప్రభుత్వం గురించి మాట్లాడాం. కావ్యానికి ముందుండే రెండు పీఠికల గురించి తక్కువ మాట్లాడాం. ఒకటి ముద్దుపళని తన గురించి తాను చెప్పుకున్న అవతారిక. రెండోది 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ రాసిన ముందుమాట. ఈ ఇద్దరూ తాము ఎవరో చెప్పుకున్నది అక్కడే. అసలు గొడవ పుట్టిందీ అక్కడే అని నా అభిప్రాయం.

ముద్దుపళని కాలం పద్దెనిమిదో శతాబ్దం. తంజావూరులో ప్రతాపసింహుడు రాజ్యం చేస్తున్న రోజులు (1739-63). రాజులు మరాఠాలు, ఊరివాళ్ళ మాట తమిళం, కొలువులో కవిత్వానికి భాష తెలుగు. ఏది సొంత సంస్కృతి, ఏది పరాయిది అని గీత గీయాలంటే అక్కడ చెయ్యి ఆగిపోతుంది. ముద్దుపళని ఆ కొలువులో ఉన్న వేశ్య. ఈ మాట వాడడానికి ఇవాళ మనం జంకుతాం గానీ ఆనాటి కొలువు భాషలో అది ఒక స్థానం పేరు కూడా. సంస్కృతాంధ్రాలు చదువుకుంది, సంగీతం, నాట్యం తెలిసిన మనిషి. ఆండాళ్ తిరుప్పావైని కూడా తెలుగు చేసింది.

ప్రబంధ కవి అవతారిక ఎలా ఉంటుందో తెలుగు చదివినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇష్టదేవతా స్తుతి, కుకవి నింద, కృతిపతి వంశం, కవి వంశం. కవి వంశమంటే గోత్రం, సూత్రం, తాత, తండ్రి. తల్లి పేరు ఒక పద్యంలో మెరిసి పోతుంది. ముద్దుపళని ఈ చట్రాన్నే తీసుకుని అందులో తన నాయనమ్మ తంజనాయకిని, మేనత్తను నిలబెట్టింది. వాళ్ళ పాండిత్యం చెప్పి, తన విద్యకు మూలం అక్కడ చూపించింది. ఆ తర్వాత తన గురించి చెప్పుకుంటూ, తనవంటి స్త్రీలలో కావ్యాలు అంకితం పుచ్చుకున్నవాళ్ళు, విద్వాంసులను ధనమిచ్చి సత్కరించినవాళ్ళు మరెవరున్నారని అడుగుతుంది. మగకవులు ఇలాంటి మాటలు వందసార్లు అన్నారు. ఆత్మప్రశంస అవతారిక లక్షణమే కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. ఇక్కడ మాట్లాడుతున్నది మాత్రం అంకితం పుచ్చుకోగల స్తోమత, అంకితం ఇవ్వగల పాండిత్యం రెండూ ఉన్న స్త్రీ.

కావ్యకథ క్లుప్తంగా చెప్తాను. ఇళ అనే చిన్నపిల్లను రాధ పెంచి పెద్దచేసి, కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. కొత్త పెళ్ళికూతురికి ఎలా మెలగాలో, కృష్ణుడికి ఆ పసిదానితో ఎలా మృదువుగా ఉండాలో తానే చెప్పి పంపుతుంది. పంపాక తట్టుకోలేకపోతుంది. నాలుగు ఆశ్వాసాల కావ్యంలో సగానికి పైగా ఆ తట్టుకోలేకపోవడమే. చివరికి కృష్ణుడు వచ్చి బతిమాలుకోవాల్సి వస్తుంది. వయసు మీదపడుతున్న స్త్రీ తన కోరికను దాచకుండా, సిగ్గుపడకుండా, కోపంగా చెప్పడం మన ప్రబంధాల్లో మరెక్కడ ఉందో నేను వెతుక్కుంటూనే ఉన్నాను.

1887లో సి.పి. బ్రౌన్ దగ్గర పనిచేసిన వెంకటనరసు ఈ కావ్యాన్ని అచ్చు వేయించినప్పుడు కొన్ని పద్యాలు తీసేశారు. శృంగార పద్యాలు తీసేయడం అర్థమవుతుంది, అది ఆ కాలపు భయం. దాంతోపాటు అవతారిక కూడా పోయింది. అవతారికలో శృంగారం లేదు. ఉన్నదల్లా ఒక నాయనమ్మ, ఒక మేనత్త, వాళ్ళ చదువు. శరీరాన్ని కత్తిరించిన చెయ్యి వంశాన్ని కూడా ఎందుకు కత్తిరించిందనేది నాకు చాలా పెద్ద ప్రశ్న. కావ్యం మిగిలింది గానీ దాన్ని రాసిన మనిషికి వెనకా ముందూ ఎవరూ లేకుండా పోయారు.

నాగరత్నమ్మ ఆ అచ్చుప్రతిని చూసి సరిపెట్టుకోలేదు. ఆమె 1878లో మైసూరు రాజ్యంలోని నంజనగూడులో పుట్టింది. దేవదాసీ కుటుంబం. తల్లి పుట్టలక్ష్మి ఎన్నో అవస్థలు పడి కూతురికి సంగీతం, నాట్యం, సంస్కృతం చెప్పించింది. మైసూరు ఆస్థానంలో, బెంగుళూరులో పేరు తెచ్చుకున్నాక మద్రాసు వచ్చి స్థిరపడింది. ఇంటిభాష కన్నడం, బతుకు తమిళుల మధ్య, పాడేది ఎక్కువగా తెలుగు. ‘రాధికా సాంత్వనం’ గురించి ఒక వ్యాఖ్యానంలో చదివి, అచ్చుప్రతి సంపాదించి, ఆపైన రాతప్రతి సంపాదించి, రెండూ పోల్చి చూసింది. ఏవి పోయాయో, ఏవి మారాయో గుర్తించింది. పాఠపరిష్కరణ అనేది ఆ రోజుల్లో పండితుల సొంత పొలం. వేటూరి ప్రభాకరశాస్త్రి, మానవల్లి రామకృష్ణకవి వంటివారు దున్నిన పొలం. అందులోకి ఒక పాటకత్తె, అదీ తెలుగు ఇంటిభాష కానిది, వచ్చి నిలబడింది. 1910లో వావిళ్ళ రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ ఆ ప్రతిని అచ్చువేశారు.

ఆమె ముందుమాటలో రెండు విషయాలున్నాయి. ఈ కావ్యం తనకు ఇంతగా నచ్చడానికి కారణం చెప్తూ, ఇది స్త్రీ రాసినదనీ, ఆ స్త్రీ తన కులంలో పుట్టినదనీ అంటుంది. ఇంత సాదాగా తన పుట్టుక చెప్పుకుని పండితలోకంలోకి అడుగుపెట్టిన వాక్యం ఆ కాలంలో నాకు మరొకటి తెలియదు. సంఘంలో పైకి రావాలనుకున్నవాళ్ళు గుమ్మం బయటే పాతపేరు వదిలి లోపలికి వెళ్ళే కాలం అది. సంస్కర్తలు ఇచ్చిన హామీ కూడా అదే: మీ వృత్తి వదలండి, పాట వదలండి, ఆట వదలండి, పెళ్ళి చేసుకోండి, అప్పుడు మీరు కూడా స్త్రీలే. నాగరత్నమ్మ ఏదీ వదల్లేదు.

రెండో విషయం వీరేశలింగంతో వాదం. ‘ఆంధ్రకవుల చరిత్ర’లో ఆయన ముద్దుపళనిని గురించి రాస్తూ, ఆమె వేశ్య కావడం వల్ల స్త్రీకి సహజమైన సిగ్గు లేకపోయిందనీ, పుస్తకంలోని కొన్ని భాగాలు స్త్రీలు వినడానికే తగనివనీ, ఇక స్త్రీ నోట రావడం మరీ తగదనీ తేల్చాడు. దీనికి నాగరత్నమ్మ వేసిన ప్రశ్నలు ఇవాళ చదివినా సూటిగా తగులుతాయి. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కర్లేదా? వేశ్య కాబట్టి రాసిందంటే, పెద్దమనుషులైన మగకవులు ఇంతకన్నా పచ్చిగా ఎందుకు రాశారు? ఆపైన అసలు దెబ్బ: ‘వైజయంతీ విలాసం’ అచ్చుకు వెళ్ళేటప్పుడు దాన్ని చూసి సరిదిద్దింది వీరేశలింగం గారే కదా, అందులో ఉన్న శృంగారం ఆయనకు అడ్డు రాలేదా అని. సారంగు తమ్మయ్య రాసిన ఆ కావ్యం విప్రనారాయణుడి కథ. భక్తుణ్ణి వలలో వేసుకున్న దేవదేవి అనే వేశ్య కథ. వేశ్య గురించి మగవాడు రాసిన కావ్యం పెద్దల చేతిమీదుగా అచ్చుకు వెళ్ళొచ్చు. వేశ్య తనే రాస్తే కూడదు. నాగరత్నమ్మ ఉదాహరణను ఎంత ఆలోచించి ఏరుకుందో చూడండి.

వీరేశలింగం విషయంలో తొందరపడి ఒక మాట అనేయడం నాకు ఇష్టం లేదు. 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించి ఆయన పడిన బాధలు చిన్నవి కావు. ఆయన లేకపోతే మన అమ్మమ్మల చదువు ఇంకెంత ఆలస్యమయ్యేదో. కానీ ఆయన స్త్రీని బయటికి తీసుకొచ్చిన ఇంటికి ఒక గోడ ఉంది, ఆ గోడకు అవతలివైపున భోగంవీధి ఉంది. లోపలి స్త్రీ గౌరవం పెరగాలంటే బయటి స్త్రీ అవమానం కూడా పెరగాలి. ఈ రెండూ ఒకే లెక్కలో భాగం. ‘శశిలేఖ’ పత్రిక చేసిన సమీక్ష ఆ లెక్కనే దాపరికం లేకుండా బయటపెట్టింది. ఒక వేశ్య రాసిన పుస్తకాన్ని మరో వేశ్య పరిష్కరించిందన్నదే అందులోని ఎద్దేవా. పద్యం బాగుందా లేదా, పాఠం సరిగ్గా ఉందా లేదా అన్న చర్చ దాకా ఆ సమీక్ష రావాల్సిన అవసరమే పడలేదు.

1911లో మద్రాసు పోలీసులు ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. వావిళ్ళవారి మీద కేసు నడిచింది. ఇలా నిషేధిస్తూ పోతే తెలుగు సాహిత్యమే మిగలదని పండితులు ప్రభుత్వానికి విన్నవించుకున్నారు. ఫలితం లేకపోయింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న కాలంలో గాని నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్ళవారే మళ్ళీ అచ్చువేశారు.

ఇక్కడ ఒక పక్కదారి. ‘కన్యాశుల్కం’ రెండో కూర్పు 1909లో వచ్చింది, నాగరత్నమ్మ పుస్తకం 1910లో. ఒక్క ఏడాది తేడా. మధురవాణిని తెలుగువాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. ఆమె తెలివి, చమత్కారం, సౌజన్యారావు పంతులుతో ఆమె మాట్లాడిన తీరు వందేళ్ళుగా చెప్పుకుంటున్నాం. గురజాడ గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. కానీ మధురవాణి చివరికి అందరి సమస్యలూ తీర్చి, తనకేమీ అడక్కుండా రంగం మీంచి తప్పుకుంటుంది. నాగరత్నమ్మ తప్పుకోలేదు. సంతకం పెట్టింది. నాటకంలో మనం అంత ప్రేమించిన తెలివే ముందుమాటలో కనిపించేసరికి పోలీసుల దాకా వెళ్ళింది.

ఆ తర్వాత నాగరత్నమ్మ జీవితం మలుపు తిరిగిన తీరు నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. 1921లో ఆమె గురువు బిడారం కృష్ణప్ప, తిరువయ్యారులో త్యాగరాజు సమాధి శిథిలమై ఉందని రాశారు. నాగరత్నమ్మ కావేరి ఒడ్డున ఆ స్థలం సంపాదించి, నగలు, ఆస్తి అమ్మి, 1926 నాటికి గుడి కట్టించి ప్రతిష్ఠ చేయించింది. ఏటా పుష్య బహుళ పంచమినాడు అక్కడ ఆరాధన జరిపే మగ విద్వాంసులు అప్పటికే రెండు వర్గాలుగా చీలి ఉన్నారు. అన్నిటిలో విభేదించుకునే ఆ రెండు వర్గాలకూ ఒక విషయంలో మాత్రం తేడా లేదు. ఆడవాళ్ళు అక్కడ పాడకూడదు. గుడి కట్టించిన మనిషికి ఆ గుడిముందు గొంతెత్తే హక్కు లేదు. ఆమె 1927లో తోటి దేవదాసీ గాయనులను కూడగట్టి, మూడో వర్గంగా, సమాధి వెనకవైపున స్త్రీల ఆరాధన మొదలుపెట్టింది. పదిహేనేళ్ళు కావస్తుండగా, 1940ల మొదట్లో, మూడు వర్గాలూ కలిశాయి. స్త్రీలకు ఉమ్మడి వేదిక మీద చోటు దొరికింది. 1952లో ఆమె పోయాక ఆమె సమాధినీ త్యాగరాజు సమాధికి ఎదురుగా కట్టారు. చేతులు జోడించి కూర్చున్న ఆమె విగ్రహానికి ఇవాళా పూలు పెడతారు.

అదే ఏడు ‘రాధికా సాంత్వనం’ మళ్ళీ అచ్చయింది. తిరువయ్యారు ఆమెను భక్తురాలిగా గుర్తుపెట్టుకుంది. తెలుగు పండితలోకం ఆమెను సంపాదకురాలిగా గుర్తుపెట్టుకోవడానికి మాత్రం మరో నలభై ఏళ్ళు పట్టింది. మనిషి ఒక్కరే. రెండుచోట్లా గీత దాటింది. ఒకచోట శిక్ష, ఇంకోచోట పూజ. తేడా ఎక్కడుంది? భక్తి గుమ్మం దగ్గర స్త్రీ పుట్టుకను అడిగినా, ఆమె తన్ను తాను సమర్పించుకుంటే చివరికి లోపలికి రానిస్తారు. కుమ్మరి మొల్ల రామాయణంతో వచ్చింది, తరిగొండ వెంగమాంబ వెంకటేశ్వరుడితో వచ్చింది. పాండిత్యం గుమ్మం దగ్గర సమర్పణ చెల్లదు. అక్కడ వాదించాలి, తప్పు పట్టాలి, నీ పాఠం తప్పు నా పాఠం ఒప్పు అనాలి. అది చేసిన స్త్రీని ఏమనాలో మన సాహిత్య చరిత్రకు తెలియలేదు.

నాగరత్నమ్మ భక్తిని ఒక ఎత్తుగడగా వాడుకుందని నేననడం లేదు. ఆమె త్యాగరాజును నిజంగా నమ్మింది, ఆయన మీద సంస్కృతంలో అష్టోత్తరం కూడా రాసింది. కానీ ఆమె రెండు పనుల్లో మనం ఏ పనికి దండం పెట్టామో గమనించక తప్పదు.

ఈ కథలో ఇంకో ముడి ఉంది, దాన్ని వదిలేస్తే నిజాయితీ కాదు. 1927లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన మొదటి స్త్రీ డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి. ఆమె తల్లి కూడా దేవదాసీ కుటుంబం నుంచి వచ్చినదే. గుళ్ళకు ఆడపిల్లలను అర్పించే ఆచారం పోవాలని ఆమె పట్టుబట్టింది. మద్రాసు దేవదాసీలు సంఘంగా ఏర్పడి దాన్ని వ్యతిరేకించారు, వారిలో నాగరత్నమ్మ ముందున్నది. తెలుగు నేల మీద కలావంతుల కుటుంబంలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకం సంస్కరణ వైపు నిలబడింది. ఒకే కులం స్త్రీలు, ఒకే అవమానం పడినవాళ్ళు, రెండు వైపులా ఉన్నారు. ముత్తులక్ష్మీరెడ్డి అడిగింది తప్పని నేను అనలేను. ఏడెనిమిదేళ్ళ పిల్లకు ఇష్టాయిష్టాలు అడిగేదెవరు? ముద్దుపళని చదువును చూపించి ఆ ఆచారాన్నంతా వెనకేసుకు రావడం, ముఖ్యంగా తెలంగాణ జోగినుల బతుకులు తెలిశాక, కుదిరే పని కాదు. జోగినులు దళిత స్త్రీలు. వాళ్ళకు కొలువు లేదు, మాన్యాలు లేవు, కావ్యాలు లేవు. ఇద్దరినీ దేవదాసీలనే ఒకే మాట కింద పెట్టడం చట్టానికి సులువు. మనకు సులువు కాకూడదు.

1947లో దేవదాసీల అర్పణ నిరోధక చట్టం వచ్చింది. 1956లో ఆంధ్రలో దాన్ని సవరించి పెళ్ళిళ్ళలో కలావంతుల మేళాలను కూడా ఆపేశారు. అంటే ముద్దుపళని పద్యాలకు స్వేచ్ఛ వచ్చిన పదేళ్ళ లోపే, ఆమె కులం స్త్రీలకు పాడే ఆడే హక్కు పోయింది. సరిగ్గా అదే కాలంలో సభల మీద బ్రాహ్మణ కుటుంబాల స్త్రీలు పాడడం, ఆడడం గౌరవప్రదమైంది. రుక్మిణీదేవి మొదటి ప్రదర్శన 1935లో. వాళ్ళూ తమ గీత తాము దాటే వచ్చారు, ఇంట్లో తిట్లు తినే వచ్చారు. కానీ గుమ్మం తీసినవాళ్ళు బయటికీ, కొత్తవాళ్ళు లోపలికీ వెళ్ళడం ఒకే తలుపులోంచి జరిగింది. గోదావరి జిల్లాల్లో కలావంతుల ఇళ్ళలో తరతరాలుగా నిలిచిన క్షేత్రయ్య పదాలు, భామాకలాపం, గొల్లకలాపం తలుపులు వేసుకుని పాడుకునే పాటలయ్యాయి.

ఇంకొకటి కూడా పోయింది. ఈ ఇళ్ళలో ఆస్తి కూతుళ్ళకు వచ్చేది. దత్తత తీసుకున్న కూతురి హక్కును మద్రాసు కోర్టులు కూడా గుర్తించాయి. మర్యాదస్తుల ఇళ్ళలో పుట్టిన మన ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో మగపిల్లలతో సమానంగా పుట్టుకతో హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985లో గాని రాలేదు. సంసారిగా మారడమంటే కలావంతుల స్త్రీకి ఏం వచ్చింది, ఏం పోయింది అని లెక్క రాస్తే, పోయిన వైపు ఈ పద్దు కూడా వేయాలి.

ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితా తీసి చూస్తే సూర్యబలిజ అన్న పేరు పక్కన కుండలీకరణంలో కలావంతులు అని ఉంటుంది. కొత్తపేరు వాళ్ళు కోరి పెట్టుకున్నది. ఆ పక్కన పాతపేరు ప్రభుత్వం మర్చిపోకుండా రాసింది. రిజర్వేషన్ కావాలంటే ఆ కుండలీకరణంలోంచే వెళ్ళాలి. కొన్నేళ్ళ కిందట ఎం.ఏ. తరగతిలో నేను ‘రాధికా సాంత్వనం’ చెప్పాక గోదావరి ప్రాంతం అమ్మాయి ఒకతె గదికి వచ్చి, “మేడమ్, మా అమ్మమ్మకి ఇలాంటి పద్యాలు చాలా వచ్చు. మా అమ్మ పాడనివ్వదు” అంది. కాసేపాగి, “ఈ మాట క్లాసులో ఎవరికీ చెప్పకండి” అంది. ఆ అమ్మాయి పెళ్ళి కావాల్సిన అమ్మాయి. వాళ్ళమ్మ భయం నాకు అర్థమైంది. నేను ఆ పాటలు వినాలని అడగలేదు. ఊరు పేరు ఇప్పుడూ రాయను. 1887లో ఒక సంపాదకుడు చేసిన పని ఇవాళ ఆ తల్లి తన ఇంట్లో తానే చేయాల్సి వస్తోంది.

అందుకే నాగరత్నమ్మ ముందుమాటను కావ్యంతో కలిపి పాఠ్యగ్రంథంగా పెట్టాలని మా విభాగంలో కొంతకాలంగా అడుగుతున్నాను. తెలుగులో స్త్రీ రాసిన తొలి సాహిత్య విమర్శలో దాన్ని చేర్చకపోతే ఇంకేది చేరుస్తామో నాకు తెలియదు. పోయినసారి పాఠ్యప్రణాళిక సమావేశంలో నాలుగో ఆశ్వాసం నుంచి పద్యాలు ఒప్పుకున్నారు. వందేళ్ళ కిందట పోలీసులు పట్టుకెళ్ళిన పద్యాలు ఇప్పుడు ఎవరికీ అభ్యంతరం కాలేదు. అవతారిక కూడా, కాసేపు మాట్లాడుకున్నాక, సరే అన్నారు. ముందుమాట దగ్గర ఆగింది. అదే సెమిస్టర్‌లో వీరేశలింగం యుగం ఒక పూర్తి యూనిట్‌గా ఉందనీ, పిల్లలు గందరగోళపడతారనీ ఒక సభ్యుడు అన్నారు. పిల్లలకు ఆ గందరగోళమే కావాలని నేనన్నాను. నిర్ణయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది. ముందుమాట జిరాక్స్ ప్రతులు పన్నెండు తీయించి సభ్యులందరికీ ఇచ్చాను, ఈలోగా చదువుతారని.